పర్లాకిమిడి టోకెన్ బోర్డు డైరీ: లేని ఫీచర్‌కి ఒకటే జవాబు

పని ఎక్కడుంది

పర్లాకిమిడి, కాశీనగరం, ఒడిశా సరిహద్దుకి ఆ పక్క ఆంధ్రాలో పాతపట్నం. ఈ ఊళ్ళ క్లినిక్కుల్లోను, రైసుమిల్లుల్లోను పెట్టే టోకెన్ బోర్డు ఇది. పైన తెలుగు వరస, కింద ఒడియా వరస, మధ్యలో పెద్ద అంకెలు. లోపల ఎస్‌టీఎం32ఎఫ్411 చిప్పున్న బ్లాక్‌పిల్, దాని మీద జెఫిర్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. ఇంతవరకు అన్నిటికీ ఒకటే. డిస్‌ప్లే దగ్గరికొచ్చేసరికి మాత్రం విశాఖ నుంచి గుణుపురం బండిలో ఏ సరుకు దిగితే దాన్నే బిగిస్తాం. చిన్న గదులకి ఎస్‌ఎస్‌డి 1306 ఓలెడ్. ఒక్కోసారి అదే మొహం పెట్టుకుని ఎస్‌హెచ్ 1106 వస్తుంది. పెద్దవాటికి ఐఎల్‌ఐ 9341 టీఎఫ్‌టీ. డాక్టరు గది తలుపు మీద ఈ-పేపరు. అప్లికేషన్ ఒక్కటే, ఒక్కో రకం తెరని నడిపే డ్రైవర్ ప్రోగ్రాములు నాలుగు. నాలుగూ మా దగ్గరికి వచ్చేటప్పటికే నలుగురు చేతుల్లో తిరిగి వచ్చినవి.

అక్షరాల గొడవ ఈ డైరీలో పెద్దగా రాదు. తెలుగు ఒత్తులు, ఒడియా గుండ్రాలు చిప్పులో కూర్చే ఓపిక లేక, కావలసిన మాటలన్నీ లాప్‌టాప్‌లోనే బొమ్మలుగా చేసి బిట్‌మ్యాప్‌లుగా పెట్టుకున్నాం. ఒక క్లినిక్కు వాళ్ళు సవర భాషలో కూడా ఒక వరస కావాలన్నారు. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకున్న ఊళ్ళో ఆ కోరిక న్యాయమైనదే. సవర రాసే సొరంగ్ సొంపెంగ్ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది, కానీ బిట్‌మ్యాప్ పద్ధతిలో ఆ చోటుతో కూడా అవసరం లేదు. బొమ్మ గీస్తే చాలు.

సోమవారం

ఫోను క్లినిక్కు కాంపౌండరు నుంచి. "మేస్టరుగారూ, రాత్రి ఎనిమిదయితే సాలు, బోర్డు ఒకటో నంబరుకి ఎలిపోతంది. నలభైయో నంబరు మడిసి నేనే ముందంటాడు, ఒకటో నంబరువోడు ఎప్పుడో ఇంటికెలిపోనాడు. ఏటి సెయ్యమంటారు?"

ఎనిమిదికి అప్లికేషన్ చేసే పని ఒక్కటే. రాత్రి కదా అని వెలుతురు తగ్గించమని డ్రైవర్‌ని అడుగుతుంది. జవాబుగా మైనస్ అంకె ఏది వచ్చినా డిస్‌ప్లే పాడైందనుకుని బోర్డుని రీసెట్ కొడుతుంది. టోకెన్ లెక్క ర్యామ్‌లో ఉంది కాబట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

మిల్లులో ఇదే ప్రోగ్రాము, ఐఎల్‌ఐ 9341 తెర. అక్కడ రీసెట్ గొడవ లేదు. కానీ వాచ్‌మన్ రాత్రంతా బోర్డు మీద గోనెసంచి కప్పుతున్నాడట, కళ్ళలో కొడుతోందని. అప్లికేషన్ లాగ్‌లో మాత్రం "వెలుతురు తగ్గింది" అని శుభ్రంగా రాసి ఉంది.

రెండు ఫిర్యాదులకీ మూలం ఒకటే. ఒక ప్యానెల్‌కి ఒక పని చేతకాదు. చేతకాదన్న సంగతిని ఏ డ్రైవర్‌కి తోచినట్టు అది చెబుతోంది.

రూళ్ళ కాగితం మీద గళ్ళు గీసి, నాలుగు డ్రైవర్లనీ ఒకే ప్రశ్న అడిగాను: వెలుతురు తగ్గించు. 1306 డ్రైవర్ మైనస్ 134 ఇచ్చింది, అంటే ఈనాట్‌సప్, ఆ పని నాకు రాదని. 1106ది లోపల ఏమీ లేని ఫంక్షను, సున్నా ఇచ్చి నవ్వుతూ తిరిగొచ్చింది. 9341ది హెక్స్ (పదహారు ఆధారంగా రాసే అంకె) 51 కమాండు పంపి సున్నా ఇచ్చింది, తెర మాత్రం కదల్లేదు. ఈ-పేపరుది మైనస్ 22, ఈఇన్వాల్. అంటే నువ్విచ్చిన విలువ తప్పని. 0 నుంచి 255 దాకా ఏ అంకె ఇచ్చినా తప్పేనట! తెర మీదున్నది తిరిగి చదివే రీడ్ గురించి అడిగితే మైనస్ 88 కూడా బయటపడింది. అది డ్రైవర్ ఇచ్చింది కాదు. డ్రైవర్ చేయగల పనుల పట్టిక, అంటే ఫంక్షన్ టేబుల్‌లో ఆ గడి నల్‌గా (ఖాళీగా) ఉంటే జెఫిర్ పై పొర తనంతట తాను ఇచ్చే ఈనోసిస్, అలాంటి పనే లేదని.

ఒకే లోటుకి నాలుగు రకాల జవాబులు. వీటి మీద అప్లికేషన్ రాసేవాడు ఏ అంకెని నమ్మాలి?

మంగళవారం

కోడు ముట్టుకోలేదు. కాగితం మీదే పంచాయితీ.

ముందు సున్నా సంగతి. సున్నా అంటే అడిగిన పని జరిగింది, అంతే. "జరగలేదు గానీ పర్లేదు" అన్న అర్థం దానికి రాకూడదు. కాకపోతే ఒక సందు వదలాలి. ప్యానెల్ ఇప్పటికే ఏ స్థితిలో ఉందో అదే స్థితి అడిగితే సున్నా ఇవ్వడం న్యాయం. ఆర్‌జీబీ 565 తప్ప ఇంకో రంగుల ఫార్మాట్ రాని తెరని "565కి మారు" అంటే, మారడానికేమీ లేదు, అడిగింది మాత్రం నెరవేరింది. నిలువుగా తప్ప తిరగని తెరని నిలువుగా ఉండమన్నా అంతే. ఇక్కడ మైనస్ ఇస్తే పైనున్న గ్రాఫిక్స్ లైబ్రరీ మొదలవుతూనే పడిపోతుంది.

ఇక లేదనడం. ఇందులో రెండు లేదులున్నాయి. వెలుతురు అన్న అంశమే ఈ తెరకి లేకపోవడం ఒకటి. తిప్పడం వచ్చు గానీ 90 డిగ్రీలు రాకపోవడం ఇంకొకటి. మొదటిదానికి ఈనోసిస్, రెండోదానికి ఈనాట్‌సప్. తిప్పే కోణాల జాబితాలోనే లేని అంకె ఎవరైనా ఇస్తే ఈఇన్వాల్. వైరు ఊడి బస్సు (చిప్పుకీ తెరకీ మధ్య డేటా నడిచే వైర్లు) పలక్కపోతే ఈఐఓ. అప్లికేషన్‌కి రీసెట్ కొట్టే హక్కు ఈ చివరిదానికి మాత్రమే.

బరంపురంలో ఉన్న మా తమ్ముడు లినక్స్ కెర్నల్ పని చేస్తాడు. కాగితం ఫొటో పంపితే వెంటనే అడ్డుపడ్డాడు. "అన్నయ్యా, ఈనోసిస్ అంటే ఆ సిస్టమ్ కాలే లేదని. దాన్ని ఇంకదేనికీ వాడొద్దని మా చెక్‌ప్యాచ్ స్క్రిప్టే తిడుతుంది." నిజమే, కెర్నల్ కోడు తీరు తనిఖీ చేసే ఆ స్క్రిప్టు తిడుతుంది. అక్కడి ఇంటి తీరు వేరు. వాళ్ళ దగ్గర ఇంకో తమాషా కూడా ఉంది. పీ ఒకటి ఎక్కువున్న ఈనాట్‌సప్, దాని విలువ 524. కెర్నల్ లోపల వాడుకోడానికే పుట్టింది, యూజర్ ప్రోగ్రాములకి దాని పేరే తెలీదు. ఎవరైనా డ్రైవర్ రాసేవాడు పరధ్యానంగా దాన్ని బయటికి వదిలితే, అవతలివాడికి "తెలియని ఎర్రర్ 524" అని కనబడుతుంది. లినక్స్‌లో బయటి ప్రోగ్రాములకి ఈనాట్‌సప్, ఈఓపీనాట్‌సప్ రెండూ 95 అంకే. మా బోర్డులో వేరు వేరు. అందుకే అంకెలతో పోల్చకుండా పేర్లతోనే పోల్చాలని కాగితం అడుగున ఎర్ర సిరాతో రాశాను.

ఈనోసిస్‌నే ఉంచాను. అది గొప్ప పేరని కాదు. జెఫిర్ పై పొర ఖాళీ గడికి అదే ఇస్తోంది. ఆ జవాబు ఒకే చోట, ఒకే ఫంక్షన్ నుంచి వస్తే నాలుగు డ్రైవర్లూ నోరు మూసుకోవచ్చు.

బుధవారం, కరెంటు వచ్చాక

మిల్లు తెర సంగతి ఇవాళ తేల్చాలి. ఐఎల్‌ఐ 9341 డేటాషీట్ ప్రకారం వెలుతురు కమాండు ఉంది. హెక్స్ 51 విలువకి, హెక్స్ 53 కంట్రోల్‌కి. అది చదివినవాడు ఫీచర్ ఉందనే అంటాడు. డ్రైవర్ రాసినాయన అన్నదీ అదే.

మాడ్యూలు బల్ల మీద పెట్టి, 53తో కంట్రోల్ ఆన్ చేసి, 51కి సున్నా పంపాను. తెర వెలుగు ఇసుమంత కూడా తగ్గలేదు. మల్టీమీటరు పెడితే ఎల్ఈడీ పిన్ను దగ్గర ఎప్పుడూ 3.3 వోల్టులే. బోర్డు కట్టినప్పుడు ఆ పిన్నుని చిన్న రెసిస్టర్ మీదుగా నేరుగా సప్లైకి కలిపేశారు. దీపాన్ని వేగంగా వెలిగించి ఆర్పే పల్స్‌లతో (పీడబ్ల్యూఎం) వెలుతురు నడిపించే ఎల్ఈడీ-పీడబ్ల్యూఎం అనే కాలు చిప్పుకి వేరే ఉంది. కానీ ఆ కాలు ఈ మాడ్యూలులో బయటికే రాలేదు. గాజు దగ్గర నుంచి దిగే పసుపు ఫ్లెక్స్ మీద కంటిన్యుటీ పెట్టి పిన్ను పిన్నూ వెతికాను, మీటరు ఒక్కసారీ కూయలేదు. చిప్పు తన మటుకు తాను పల్స్ మారుస్తూనే ఉంది, ఆ పల్స్ దీపం దాకా చేరే దారి లేదు.

ఇంకో పేచీ. ఓలెడ్ ఐ-స్క్వేర్డ్-సీ అనే బస్సు మీద ఉంటుంది. అడ్రసు పలికితే అవతల ఎవరో ఉన్నారని తెలుస్తుంది. 9341 ఎస్‌పీఐ అనే ఇంకో రకం బస్సు మీద ఉంటుంది, అక్కడ అందిందని చెప్పేవాడు ఉండడు. మాడ్యూలు పీకేసి, గాల్లో వేలాడే వైర్లలోకి ఇదే కమాండు పంపాను. సున్నా. పంపడం సక్సెస్! కనుక "కమాండు వెళ్ళింది" అన్నదాన్ని పట్టుకుని "పని జరిగింది" అనే డ్రైవర్ మాటకి విలువ లేదు.

మరి డ్రైవర్‌కి నిజం ఎలా తెలియాలి? తనంతట తెలుసుకోలేదు. హెక్స్ డీ3 పంపి చదివితే చిప్పు 93 41 అని పేరు చెప్పుకుంటుంది, అదీ చిప్పు జవాబు బయటికొచ్చే ఎస్‌డీఓ పిన్ను సోల్డర్ చేసి ఉంటేనే. చెప్పినా ఎల్ఈడీ ఎక్కడ కలిసిందో అది చెప్పదు. ఆ సంగతి ఎరిగింది బోర్డు కట్టిన మనిషి ఒక్కడే. అతని చేత డివైస్‌ట్రీలో, అంటే బోర్డులో ఏది ఎక్కడ కలిసిందో చెప్పే ఫైల్లో రాయించాలి. దీపం వైరు చిప్పు నుంచి వస్తోందా, విడిగానా అని ఒక ప్రాపర్టీ పెట్టాను. ఎస్‌డీఓ కలిసిందా లేదా అని ఇంకొకటి. ఏమీ రాయకపోతే రెండూ లేనట్టే లెక్క. మార్కెట్లో దొరికే ఎర్ర మాడ్యూళ్ళకి ఆ లెక్కే దగ్గర.

ఫంక్షన్ టేబుల్ డ్రైవర్ మొత్తానికి ఒకటే కదా, ఒక బోర్డుకి గడి నింపి ఇంకో బోర్డుకి ఖాళీగా ఎలా వదిలేది? కంపైల్ అయ్యేటప్పుడే మాక్రో డివైస్‌ట్రీ చూసి సరైన టేబుల్‌ని అంటించేలా చేశాను. ఒక్కో టేబుల్‌కి కొన్ని పదుల బైట్ల ఫ్లాష్. ఖాళీ ఫంక్షన్లు తీసేస్తే అంతకన్నా ఎక్కువే వెనక్కొస్తుంది. ఫంక్షను లోపల ఒక ఇఫ్ పెట్టి ఈనోసిస్ ఇచ్చినా పని జరుగుతుంది. కానీ అప్పుడు లేదనేది మళ్ళీ రెండు చోట్ల తయారవుతుంది, అది నాకు నచ్చలేదు.

మిల్లు దీపానికి విరుగుడు డ్రైవర్‌లో లేదు, వైరులో ఉంది. ఎల్ఈడీ పిన్నుని సప్లై నుంచి విడదీసి, ఎస్8050 ట్రాన్సిస్టర్ మీదుగా బ్లాక్‌పిల్ పీఏ8 పిన్నుకి తెచ్చాను. అక్కడ టైమర్ ఒకటి ఉంది, పీడబ్ల్యూఎం వస్తుంది. పిన్నుతో నేరుగా దీపం మోయిద్దామనుకోకండి, ఆ కరెంటు దానికి ఎక్కువ. ఇప్పుడు వెలుతురు ప్యానెల్ డ్రైవర్ వ్యవహారమే కాదు, బ్యాక్‌లైట్ వ్యవహారం.

ఇందులోనే ఇంకో చిక్కు. రాత్రి మిల్లు మూసేశాక డిస్‌ప్లే ఆపమంటే డ్రైవర్ హెక్స్ 28 పంపుతుంది, బొమ్మ పోతుంది. వెనక దీపం వెలుగుతూనే ఉండి తెర తెల్లగా మెరుస్తుంది. ఇది లేని ఫీచర్ కాదు. చిప్పు మాట నిలబెట్టుకుంది, వాచ్‌మన్‌కి కావలసిందే వేరు. దీన్ని ఎర్రర్‌గా మార్చాలని తమ్ముడు పట్టుబట్టాడు, నేను ఒప్పుకోలేదు. బొమ్మ ఆపడం, దీపం ఆపడం రెండు పనులు. రెండూ అప్లికేషనే అడగాలి.

శుక్రవారం

ఖాళీ ఫంక్షన్లు ఏరివేత. నాలుగు డ్రైవర్లలోనూ "సపోర్ట్ లేదు" అని లాగ్ చేసి ఏదో ఒక అంకె ఇచ్చే ఫంక్షన్లన్నీ తీసేశాను. చేతనైన పనికి మాత్రమే టేబుల్‌లో గడి. కోడు మార్పులు చూపే డిఫ్ చూస్తే ఎక్కువగా ఎరుపే, అంటే తీసేసిన వరసలే కనబడుతున్నాయి. ఇలాంటి రోజు నాకు భలే ఇష్టం.

ఆ లాగ్ వరసలు కూడా పోయాయి. లేని ఫీచర్ అడిగినప్పుడల్లా డ్రైవర్ ఎర్రర్ అని అరిస్తే, నిమిషానికోసారి అడిగే అప్లికేషన్ ఉన్న చోట సీరియల్ లాగ్ అంతా అదే నిండిపోతుంది. నిజంగా వైరు ఊడిన రోజు ఆ వరస ఎవరి కంటా పడదు. అరవాలో వద్దో అడిగినవాడు చూసుకుంటాడు.

స్క్రోల్ ఫంక్షనుని పూర్తిగా పీకేశాను. అది జెఫిర్‌ది కాదు, మాకు ముందు ఎవరో తగిలించింది. 1306కి అడ్డంగా జరిపే కమాండ్లు ఉన్నాయి, హెక్స్ 26, 27. ఆపాక ర్యామ్ మళ్ళీ రాసుకోమని డేటాషీటే అంటుంది. 9341కి నిలువుగా జరిపేవి ఉన్నాయి, 33, 37. 1106కి ఏదీ లేదు. ఒకే పేరు కింద మూడు చిప్పులకీ మూడు అర్థాలు. దీనికి ఏ అంకె ఇచ్చినా ఒక వరసలో ఉండదు. ప్రకటన పరిగెత్తించాలంటే అప్లికేషనే బొమ్మని కదిపి రాసుకుంటుంది.

ఓలెడ్‌కి వెలుతురు గడి ఖాళీ, కాంట్రాస్ట్ గడి నిండు, హెక్స్ 81. కంటికి రెండూ ఒకటేగా, వెలుతురు అడిగితే కాంట్రాస్ట్ మార్చేస్తే పోలేదా అన్నాడు తమ్ముడు. డ్రైవర్‌లో ఆ చాటుమాటు సర్దుబాటు వద్దన్నాను. అప్లికేషన్‌లో రాత్రి ఫంక్షను ఒకటి రాశాను. ముందు బ్యాక్‌లైట్‌ని అడుగుతుంది, లేదంటే ప్యానెల్ వెలుతురు, అదీ లేదంటే కాంట్రాస్ట్, అదీ లేకపోతే ఊరుకుంటుంది. ఈ-పేపరు దగ్గర ఊరుకోవడమే సరైన పని, దానికి రాత్రి లేదు పగలు లేదు.

ఆదివారం

వడ్రంగి పాతపట్నం క్లినిక్కు పెట్టెని నిలువుగా చేసేశాడు. "సారు గోడ సన్నంగుందండి, అడ్డంగా ఎట్టితే తలుపుకి తగిలేత్తది" అన్నాడు. అందులో ఉన్నది 1306. సెగ్మెంట్ రీమ్యాప్ (నిలువు వరసల క్రమం), కామ్ స్కాన్ (అడ్డ వరసల క్రమం) దిశ తిరగేస్తే దానికి తలకిందులు వస్తుంది. 90 డిగ్రీలు మాత్రం ఎంత చచ్చినా రాదు.

డ్రైవర్ ఈనాట్‌సప్ అంటుంది, అప్లికేషన్ బొమ్మని తానే తిప్పుకుంటుంది. 128 బై 64 ఒంటి రంగు తెర, మొత్తం 1,024 బైట్లు. తిప్పడం పెద్ద పనే కాదు. ఇదే తిప్పుడుని డ్రైవర్‌లో దాచి అన్నిటికీ వర్తింపజేస్తే? 9341 తెర 240 బై 320, పిక్సెల్‌కి రెండు బైట్లు, 1,53,600 బైట్లు. మా చిప్పులో ఉన్న ర్యామ్ మొత్తమే 128 కిలోబైట్లు. అక్కడ తిప్పడానికి బఫర్ పట్టదు. అదృష్టం కొద్దీ ఆ చిప్పు హెక్స్ 36తో తానే తిరుగుతుంది. ఏ లోటుని సాఫ్ట్‌వేర్‌తో పూడ్చవచ్చో, దేన్ని వదిలేయాలో తెలిసేది ర్యామ్ లెక్క చేతిలో ఉన్నవాడికే. డ్రైవర్ చేతిలో ఆ లెక్క ఉండదు.

మళ్ళీ వారం, టెస్టులు

ప్రతి డ్రైవర్‌నీ లాప్‌టాప్ మీదే, బోర్డు లేకుండా జెఫిర్‌ని నడిపే నేటివ్ సిమ్‌లో, వచ్చిన బైట్లన్నీ రాసిపెట్టుకునే ఉత్తుత్తి బస్సుకి తగిలించాను. ప్రతి ఫీచర్‌నీ అడగడం, వచ్చిన అంకె కాగితం మీది గడితో కలిసిందా అని చూడడం. అది మామూలే. పనికొచ్చినవి మిగతా రెండు షరతులు. లేదన్న కాల్ వల్ల బస్సు మీదికి ఒక్క బైటు కూడా వెళ్ళకూడదు. ఆ కాల్‌కి ముందూ తరవాతా తెర వివరాలు చెప్పే కేపబిలిటీస్ స్ట్రక్చర్ బైటుకి బైటు ఒకేలా ఉండాలి.

రెండో షరతుకి 1106 డ్రైవర్ దొరికిపోయింది. 90 డిగ్రీలు అడిగితే ముందు "ప్రస్తుత దిశ" అన్న గడిలో 90 రాసేసుకుని, ఆ తరవాత తనకి రాదని తెలుసుకుని మైనస్ ఇస్తోంది. అప్పటి నుంచి పైవాళ్ళు ఎవరడిగినా తాను 90లో ఉన్నానంటుంది. రాయడాన్ని చివరికి జరిపాను. ఇదే చిప్పుకి ర్యామ్ 132 నిలువు వరసలు, తెర 128. రెండు వరసలు జరిపి రాయాలి, 1306 డ్రైవర్‌తో నడిపితే అంచున చెత్త కనబడేది అందుకే. ఆ ముడి వేరే కమిట్‌లో విప్పాను.

పాత అప్లికేషన్ కొన్ని చోట్ల మైనస్ 134 కోసం చూస్తోంది, ఇప్పుడు అక్కడ మైనస్ 88 వస్తుంది. రెండు లేదుల్లో ఏది వచ్చినా ఔననే చిన్న ఫంక్షను ఒకటి పెట్టి, పోల్చే చోట్లన్నీ దానికే మళ్ళించాను. కాంపౌండరు బోర్డులో ఎనిమిది గంటల రీసెట్ పోయింది. టోకెన్ లెక్కని ఫ్లాష్‌లో కూడా దాచడం విడిగా చేశాను. కరెంటు పోయినా ఇదే తగువు వచ్చేది కదా.

మిగిలింది ఈ-పేపరు. దాన్ని బ్లాంకింగ్‌లో పెట్టి రాస్తే తెర మారదు, బ్లాంకింగ్ తీసినప్పుడు ఒక్కసారి నల్లగా తెల్లగా మిణుకుమని మారుతుంది. అప్లికేషన్‌కి బ్లాంకింగ్ అంటే తెర ఆపడం, ఈ డ్రైవర్‌కి అది రాతలు కూడబెట్టుకోవడం. లేని ఫీచర్‌లా దీన్ని ఖాళీ గడిగా వదలలేను. కేపబిలిటీస్‌లో ఈ-పేపరు అన్న ఫ్లాగ్ ఉంది. రాత్రి తెర ఆపమనే చోట అప్లికేషన్ ముందు దాన్ని చూసి, ఉంటే బ్లాంకింగ్ జోలికి పోకుండా దాటేసేలా మార్చాలి. గురువారం కాశీనగరం మిల్లుకి లాప్‌టాప్, చిప్పులోకి ప్రోగ్రాము ఎక్కించే ఎస్‌టీ-లింక్, ఎస్8050లు తీసుకెళ్ళాలి. అక్కడి బోర్డులకి దూరం నుంచి అప్‌డేట్ పంపే దారి లేదు, ఎల్ఈడీ వైరు కూడా అక్కడే కోసి అతకాలి.